పాత స్పోర్ట్స్ కారుకి రేటు ఎట్టా కట్టాలి

శ్రోతలందరికీ నమస్కారం. నాకిచ్చిన టైము తక్కువ, అందుకని ఈ రోజు ఒకే ఒక్క కారు గురించి చెప్తాను. మా మేనమామ కారు. 2002 మోడల్ హోండా సిటీ వీటెక్, ఏపీ 26 నంబరు. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే సిరీస్ అయిపోయి కొత్త బండ్లకి ఏపీ 39 అని రావడం మొదలైంది కదా, అందుకే ఆ 26 కనపడితే చాలు నెల్లూరోళ్ళకి మనది అనే అభిమానం.

నాలుగు డోర్లున్నాయి, వెనక డిక్కీ ఉంది, ఇదేం స్పోర్ట్స్ కారబ్బా అని మీరడగొచ్చు. నిజమే. రెండే సీట్లుండి పైన టాపు తీసేసే కార్లు మన దేశంలో తయారైనవి బహు తక్కువ, గోవాలో చేసిన శాన్ స్టార్మ్ లాంటివి, వాటిని కళ్ళతో చూసినోళ్ళు కూడా తక్కువే. మామూలు ఉద్యోగస్తుడు లోను పెట్టి కొనుక్కోగలిగిన స్పీడు కారు అంటే ఆ రోజుల్లో ఈ వీటెక్, ఫియట్ పాలియోలో 1.6, ఇంకాస్త డబ్బున్నోళ్ళకి తర్వాతొచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. వీటెక్ ఇంజన్ ఒకటిన్నర లీటరే, కానీ 106 హార్స్‌పవర్. 2003లో కొత్త సిటీ వచ్చింది, మైలేజీ పెరిగింది గానీ పవర్ 77కి పడిపోయింది. కొత్తది రాగానే పాతదాన్ని జనం వెతుక్కోవడం మొదలుపెట్టారు. మామ పక్కన కూర్చుని కోవూరు దాటాక హైవే మీద పోతుంటే, మీటర్లో ముల్లు పైకెక్కే కొద్దీ ఒక చోట ఇంజన్ గొంతు మారుతుంది, అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాట ఎత్తుకున్నట్టు. నాకు పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి విన్నాను ఆ శబ్దం, ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మామకిప్పుడు 68 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయినాయి, క్లచ్ తొక్కలేకపోతున్నాడు. అందుకు అమ్మాలనుకున్నాడు, ఇంకే కారణం లేదు. రేటెంత అనుకుంటే మూడు మాటలొచ్చినాయి.

సెకండ్ హ్యాండ్ కార్లు కొనే ఒకాయన వచ్చి, బానెట్ కూడా ఎత్తకుండా చుట్టూ ఒక రౌండేసి, 23 ఏళ్ళ బండి సార్, 60 వేలు, అదీ మీ మొహం చూసి అన్నాడు. మా పిన్ని కొడుకు ఫోన్లో ఎవరో 4 లక్షలకి పెట్టిన యాడ్ చూపించి, అంతకి ఒక్క రూపాయి తగ్గొద్దు మామా అన్నాడు. మామేమో ఫైలు తీశాడు. ఐదేళ్ళలో పెట్టిన ఖర్చులన్నీ కూడితే 3 లక్షల 26 వేలు, నాకు అదొస్తే చాల్లేరా అన్నాడు.

ఈ మూడూ తప్పే. మొదటాయన వయసుకి రేటు కట్టాడు, మావాడు ఆశకి కట్టాడు, మామ ఖర్చుకి కట్టాడు. ఖర్చు మాట కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే బండిని బిడ్డలా చూసుకున్నోళ్ళందరూ ఇక్కడే ఆగిపోతారు. మీరు షాకబ్జర్లు మార్పించారు, ఏసీ కంప్రెసర్ వేయించారు, మంచిదే, కానీ ఆ సుఖం మీరు అనుభవించారు. కొనేవాడు ఆ డబ్బు తిరిగివ్వడు. మీరు పెట్టిన ఖర్చు వల్ల తనకి తప్పిన ఖర్చు ఎంతో, దానికి మాత్రం ఇస్తాడు. ఇన్సూరెన్స్ కాగితంలో రాసే విలువ కూడా చూడొద్దు, ఐదేళ్ళు దాటిన బండికి అది కంపెనీ మీరు మాట్లాడుకుని వేసుకునే అంకె, అంతే.

మరి రేటు ఎక్కడ దొరుకుతుంది? అమ్ముడుపోయిన బండ్ల దగ్గర. అడిగే రేటు వేరు, అమ్ముడుపోయిన రేటు వేరు. మేమిద్దరం ఒక నోట్‌బుక్ పెట్టుకుని రెండు వారాలు ఫోన్లు చేశాం, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, విజయవాడ, ఎక్కడ ఈ మోడల్ కనపడితే అక్కడికి. నేను కొనడానికి కాదు సార్, నా దగ్గరా ఇదే బండుంది, మీది ఎంతకి పోయింది అని ఉన్నదున్నట్టు అడిగితే చాలామంది చెప్పారు, పాత కార్లని ఇష్టపడేవాళ్ళు మంచోళ్ళు, గంటసేపు మాట్లాడతారు. 8 బండ్ల సంగతి తెలిసింది. 4 లక్షల యాడ్ ఉందే, అది ఏడాది నుంచి అట్టనే ఉంది, ఒక్కరూ కొనలా. నిజంగా చేతులు మారినవి మూడు. లక్షా 10 వేలకి పోయినదానికి కింద తుప్పు, సైలెన్సర్ మార్చేసి ఒరిజినల్ పారేశారు. లక్షా 75 వేలదానికి కాగితాలు సగమే ఉన్నాయి. 2 లక్షల 60 వేలకి పోయింది మాత్రం ఒకే ఓనరు, ఒరిజినల్ పెయింటు, బిల్లులన్నీ ఉన్నాయి. మామ బండి ఆ మూడోదానికి దగ్గర. అడిగే రేటు వేరు, అమ్ముడుపోయిన రేటు వేరు అని మళ్ళీ ఎందుకంటున్నానంటే, మొదటిది చూసి కూర్చుంటే బండి షెడ్డులోనే ముసలిదైపోతుంది.

ఆ 2 లక్షల 60 వేల్లోంచి కొనేవాడికి మొదటి రెండేళ్ళలో రాబోయే ఖర్చు తీసేశాం. టైర్లు నాలుగూ ఆరేళ్ళవి, చూడ్డానికి పైన గాడులు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడింది, అవి మార్చాలి. 2002 బండి కాబట్టి ఆర్సీ 2017లో ఒకసారి, 2022లో ఒకసారి ఐదేళ్ళ చొప్పున రెన్యువల్ అయ్యింది, మళ్ళీ 2027లో చెయ్యాలి. 2025 ఆగస్టులో కేంద్రం ఫీజు పెంచింది, 20 ఏళ్ళు దాటిన కారుకి రెన్యువల్ 10 వేలు, జీఎస్టీ కాకుండా. ఇవన్నీ పోను 2 లక్షల 30 వేలు అని మామ నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాడు. పైకి 2 లక్షల 45 వేలు చెప్పాలి, 2 లక్షల 30 వేలకన్నా కిందికి దిగొద్దు అంటే దిగొద్దు. బేరానికి కొంచెం చోటుండాలి, లేకపోతే కొనేవాడికీ తృప్తి ఉండదు. అన్నట్టు 15 ఏళ్ళు దాటితే కారు తుక్కుకి ఇచ్చేయాలని మన దగ్గర చాలామంది భయపడుతున్నారు, పెట్రోలు కారుకి ఆ పదిహేనేళ్ళ గొడవంతా ఢిల్లీ చుట్టుపక్కలది, మన దగ్గర సొంత కారు ఫిట్‌నెస్ పాసైతే రెన్యువల్ చేయించుకుని తిప్పుకోవచ్చు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. మామ ఒక తెల్లకాగితం తీసుకుని పైన "బండిలో ఉన్న లోపాలు" అని రాశాడు. తన చేతిరాతతోనే. ఎడమ వెనక చక్రం పైన అంచులో తుప్పు, రూపాయి బిళ్ళంత, మైపాడు రోడ్డులో రెండేళ్ళు కాపురమున్నప్పుడు ఉప్పుగాలికి వచ్చింది. మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుంది. కుడి ముందు డోరు 2011లో ఆటో తగిలి టింకరింగ్ చేయించి పెయింటు వేయించాం, మిగతాదంతా కంపెనీ పెయింటు. డ్రైవర్ సీటు అంచు చిరిగింది. ఇట్టా 9 లోపాలు. నేనన్నాను, ఏంది మామా, మనమే చెప్పుకుంటే రేటు పడిపోదా అని. గమ్మునుండు అబ్బయా, వాడు కనిపెడితే 20 వేలు తగ్గిస్తాడు, నేను చెప్తే 2 వేలు తగ్గిస్తాడు అన్నాడు. ఆ కాగితాన్ని ఫోటో తీసి, బండి ఫోటోలతో పాటు అడిగినవాళ్ళందరికీ పంపించాం. సగం మంది మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యని ఆ సగం మంది వల్ల మాకు ఎన్ని ఆదివారాలు మిగిలినాయో.

వచ్చింది ఒంగోలు కుర్రాడు. కార్తీక మాసం, తెల్లారి ఆరున్నర, సన్నగా వాన తుంపర. మా నెల్లూరులో ఆ నెలలో వాన మామూలే. ఎండ ఉన్నరోజు రమ్మందామా అంటే మామ వద్దన్నాడు, వానలో వస్తేనే లోపలికి నీళ్ళు కారుతున్నాయో లేదో వాడే చూసుకుంటాడు అన్నాడు. ఆ పొద్దున బండి స్టార్ట్ చెయ్యలేదు కూడా. ఇది గుర్తుపెట్టుకోండి, అమ్మేవాళ్ళెవరైనా ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టొద్దు, ఏదో లోపం దాస్తున్నారనుకుంటారు. ఆ కుర్రాడు రాగానే చేసిన మొదటి పని బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. చల్లగా ఉంది. వాడి మొహంలో మార్పు నేను చూశాను.

తర్వాత డ్రైవర్ సీటు బెల్టుని ఆఖరిదాకా లాగాడు, పూర్తిగా, ఇంక రానంతవరకు. నాకర్థం కాలేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు చాలా కార్లు మునిగినాయి కదన్నా, పైనంతా కడుగుతారు గానీ బెల్టు చివర బురద చార అట్టనే ఉండిపోతుంది అన్నాడు. చార లేదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూశాడు, పొడిగా ఉంది, తుప్పు లేదు. ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు, డోర్ల మీద మెల్లగా ఆనించుకుంటూ పోయాడు, కుడి ముందు డోరు కింద ఒక్కచోట పట్టు వదిలింది, లోపల పుట్టీ ఉందన్నమాట. చేతిలో కాగితం చూసుకున్నాడు, మూడో లోపం, అదే డోరు. ఇంక మిగతా డోర్లు చూడకుండా అయస్కాంతం జేబులో పెట్టేసుకున్నాడు.

సెల్ఫ్ కొట్టాడు. ఒకటే సెల్ఫ్. పొగ లేదు. వెనక నిలబడి రెండు నిమిషాలు సైలెన్సర్ వైపే చూశాడు. ఫైల్లో టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు, తేదీ, అప్పటి కిలోమీటర్లు చూశాడు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే కదా, పాత రబ్బరు ఆగుతుందా అంకుల్ అని అడిగాడు, మంచి ప్రశ్న, మామ పెట్రోలు పైపులు మార్చిన బిల్లు తీసి చూపించాడు. ఆ ఒక్క బిల్లు 4 వేలదే, కానీ నా లెక్కలో ఆ రోజు 20 వేల పని చేసింది. డ్రైవింగ్ లైసెన్స్ చూసి, ఫోటో తీసుకుని, అప్పుడు తాళం ఇచ్చి పక్కన మామ కూర్చున్నాడు. తెలియని మనిషికి ఒంటరిగా బండి ఇచ్చి పంపొద్దు, ఎంత మంచోడిలా ఉన్నా సరే.

తిరిగొచ్చి టీ తాగి, 2 లక్షల 20 వేలు ఇస్తానంకుల్ అన్నాడు. మామ నోట్‌బుక్ తెరిచి ఆ మూడు బండ్ల లెక్క, టైర్ల లెక్క, రెన్యువల్ లెక్క వాడి ముందే పెట్టాడు. కుర్రాడు చదువుకుని, సరే అంకుల్, 2 లక్షల 35 వేలు అన్నాడు. మేం దిగొద్దనుకున్నదానికి 5 వేలు పైనే. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ లేచి గేటుదాకా పోయి వెనక్కి రాలేదు.

ఇంక ఒక్క విషయం మీద ఆగుతాను, టైము కూడా దగ్గరపడింది. పేరు మార్పిడి. డబ్బు పడింది, తాళం ఇచ్చేశాం, కాగితాల మీద సంతకాలు పెట్టాం, వాడే మార్పించుకుంటాడులే అని వదిలేస్తారు మనవాళ్ళు. నేనూ వదిలేశాను, చాలా ఏళ్ళ కిందట ఒక మోటార్ సైకిల్ అమ్మినప్పుడు. అది రెండు చేతులు మారి, చలానాలు మాత్రం నా పేరు మీద వస్తూనే ఉన్నాయి, ఎక్కడుందో తెలియని బండి ఎవరినైనా గుద్దితే ఏంటి అని రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. ఆ భయం ఉత్త భయం కాదు. 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అమ్మేసినా సరే, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే ఓనరు వాళ్ళే, యాక్సిడెంట్ నష్టపరిహారం బాధ్యత వాళ్ళ మీదే పడుతుంది అని. అందుకని ఫారం 29, ఫారం 30, ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి. 29 అమ్మేవాళ్ళు అమ్మేశామని తెలిపేది, 30 పేరు మార్చమని అడిగేది. మన రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోపు తెలపాలి. చెన్నై వాళ్ళకో బెంగళూరు వాళ్ళకో అమ్మితే ఫారం 28, ఎన్ఓసీ అంటే అభ్యంతరం లేదనే కాగితం, అది కూడా కావాలి. లోను తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అట్టనే ఉంటే ఫారం 35తో ముందే తీయించుకోండి. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఉంటే అది మీది, బండితో పాటు పోదు, అడిగి రాయించుకోండి.

మామ ఏం చేశాడంటే, కుర్రాడి దగ్గర 25 వేలు అడ్వాన్సు తీసుకుని, రసీదు రాసిచ్చి, బండి మాత్రం ఇంట్లోనే ఉంచాడు. పేరు మారాకే తాళం అన్నాడు. కుర్రాడు ఒప్పుకున్నాడు, మీరు ఇట్టా ఉంటేనే నాకూ ధైర్యం అన్నాడు. పన్నెండో రోజు పేరు మారింది. మిగతా డబ్బు బ్యాంకులో పడ్డాక తాళాలు రెండూ, ఫైలు, ఆ లోపాల కాగితం, అన్నీ ఒక సంచిలో పెట్టి ఇచ్చాడు.

మొన్న ఆదివారం ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది. అంకుల్, ఆయిల్ మార్పిస్తున్నా, ఏ గ్రేడు వాడేవాళ్ళు అని. ఫైల్లో ఉంది చూసుకో నాయనా అనలేదు మామ. మోకాలికి నూనె రాయించుకుంటూ కూర్చున్నాడు, అట్టనే ఫోన్ చెవికి పెట్టుకుని గ్రేడు, ఎన్ని లీటర్లు, ఫిల్టరు ఎక్కడ దొరుకుతుంది, బోల్టు ఎంత బిగించాలి, అరగంట చెప్పాడు. ఆఖర్న ఒకసారి స్టార్ట్ చేసి వినిపించు అన్నాడు.

నమస్కారం.