ముందు మగ్గం, తర్వాతే దుకాణం: పోచంపల్లిలో ఒకరోజు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదు నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరాలి, కళ్ళకి చూసేది ఉండాలి, చేతికి కొనుక్కునేది ఉండాలి అంటే భూదాన్ పోచంపల్లి చాలా మంచి చోటు. యాదాద్రి భువనగిరి జిల్లాలో, నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఈ ప్రయాణంలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. బండి దిగీ దిగగానే బజారులో కనిపించిన దుకాణంలోకి వెళ్ళి చీరలు తీయిస్తారు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు చీరల్లో ఒకదాని ధర రెండోదానికి మూడింతలు ఎందుకుందో అర్థం కాదు. బేరం మొదలవుతుంది, అనుమానం మొదలవుతుంది. అదే ఓ రెండు గంటలు మగ్గాల దగ్గర గడిపి దుకాణానికి వస్తే ఆ తేడా మీ కళ్ళకే కనిపిస్తుంది.

బస్సులో వెళ్ళేవాళ్ళు మెట్రోలో ఎల్‌.బి.నగర్ దాకా వచ్చి పోచంపల్లి బస్సు ఎక్కవచ్చు. సొంత బండి అయితే విజయవాడ హైవే మీద హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా వెళ్ళి, రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక పోచంపల్లి బోర్డు చూసి ఎడమకు తిరగాలి. ఏడున్నరకల్లా బయలుదేరండి. దారిలోనే ఉంది కదా అని ఫిల్మ్ సిటీని కూడా అదే రోజు పెట్టుకోవద్దు. దానికే ఒక రోజు చాలదు.

ఊళ్ళోకి వచ్చాక మొదట వినోబా మందిరం చూడండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు, భూమిలేని దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి గారు అక్కడికక్కడే 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది, ఊరి పేరు ముందు భూదాన్ చేరింది. అరగంటలో ఇది చూసుకుని నేతగాళ్ళ వీధుల్లోకి నడవండి. అసలు సంగతి అక్కడుంది.

మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి గడప దగ్గర ఆగి, "అన్నా, కాసేపు చూడొచ్చా?" అని అడగండి. ఫొటో తీసే ముందు కూడా అడగండి. పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులను, చేత్తో ముట్టుకోవద్దు, ఒక్క పోగు తెగినా పని ఆగిపోతుంది.

ఇక్కడి నేతను ఊళ్ళో చిటికీ అంటారు, బయటివాళ్ళు ఇక్కత్ అంటారు. బట్ట నేశాక దాని మీద వేసే అద్దకం కాదిది. నేయకముందే నూలుకో పట్టుకో రంగులు పడతాయి. పేక చిటికీ అయితే, అంటే అడ్డంగా నేసే పోగుకు రంగులు వేసే రకమైతే, ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న చట్రానికి ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా వంపు పొడవునా వరసగా మేకులు. పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్ళీ వెనక్కి తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్ళదే, భుజం నొప్పీ వాళ్ళదే. తల్లి పడే ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసు పోసిన పోగుల మీద డిజైను గీతలు గీసి, తెల్లగా ఉండాల్సిన చోట్లను రబ్బరు పీలికలతో బిగించి కడతారు. పాత సైకిల్ ట్యూబులు కోసి చేసిన పీలికలు ఇవి. ముందు లేత రంగు, ఆరబెట్టాక మళ్ళీ కట్టి ముదురు రంగు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి తెలుపు మాసిపోతుంది. ఒక్కో రంగు పెరిగిన కొద్దీ ఇంకో విడత కట్టడం, ముంచడం, ఆరబెట్టడం, విప్పడం. అందుకే దుకాణంలో ధర అడిగే ముందు "ఎన్ని రంగులు? పేక చిటికీనా, పడుగు చిటికీనా, రెండూనా?" అని అడగండి. పడుగు, పేక రెండూ కట్టి నేస్తే రెండు వైపుల రంగులూ మగ్గం మీద ఒకే చోట కలవాలి. ఈ జిల్లాలోని పుట్టపాక ఆ పనికి పేరు పొందింది.

ఇక కొనడం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు నేతకే చెందుతుంది. అయినా అచ్చు వేసిన బట్టను అదే పేరుతో అమ్మేవాళ్ళున్నారు. గుడ్డను తిరగేసి చూడండి. అసలు చిటికీలో రెండు వైపులా రంగు ఒకే గాఢతలో ఉంటుంది, అచ్చులో వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. బొమ్మ అంచులు కూడా చూడాలి. అసలు చిటికీలో అవి కత్తితో కోసినట్టుగా కాకుండా ఈకలా కొంచెం చెదిరి ఉంటాయి. ఇంకా తేలని పక్షంలో కొంగు చివర కుచ్చు పోగును చూపించమనండి. పడుగు చిటికీలో ఒకే పోగు మీద రంగు మారుతూ కనిపిస్తుంది. చీరను ట్యూబ్‌లైట్ కింద నిర్ణయించవద్దు, గుమ్మం దాకా తెచ్చి ఎండ వెలుతురులో చూడండి. పట్టు అయితే అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ గుర్తు ఉందేమో చూసి, బిల్లు మీద "పట్టు" అని రాయించండి. చీర విప్పించి రవిక ముక్కతో సహా కొలత అడగండి.

కుర్తాకి గుడ్డ మీటర్లలో కొనేవాళ్ళు దర్జీ చెప్పినదానికన్నా పావు మీటరు ఎక్కువ తీసుకోవాలి. ముందు భాగం, వెనక భాగం, చేతులు, అన్నిచోట్లా బొమ్మ కలవాలంటే కత్తిరింపులో కొంత వృథా తప్పదు. సరిగ్గా కొలిచి కొంటే పక్క కుట్టు దగ్గర బొమ్మ జారిపోయి ఆ అందమంతా పోతుంది.

బేరం గురించి ఒక మాట. దుకాణంలో బేరమాడండి. మగ్గం మీంచి దిగి వచ్చి చీర చూపించే మనిషి దగ్గర మాత్రం సగానికి సగం అడగడం న్యాయం కాదు. ఆ ధరలో ఇంటిల్లిపాది చేసిన పని ఉంది.

నాలుగింటికి తిరుగు ప్రయాణం కట్టండి. ఆలస్యమైతే ఎల్‌.బి.నగర్ దగ్గర రద్దీలో ఇరుక్కుంటారు, ఆదివారమైతే మరీను. నూలు గుడ్డ కుట్టించే ముందు చల్లనీళ్ళలో రాత్రంతా నానబెట్టి నీడన ఆరవేయండి. కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది. మొదటి రెండు ఉతుకులు విడిగా, వేడినీళ్ళు లేకుండా. పట్టు చీరను మాత్రం ఇంట్లో నీళ్ళలో ముంచవద్దు, డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి.

సెలవు, నమస్కారం.