నెల్లూరులో, ఒంగోలులో ఒకే రాండమ్ నంబర్లు రావాలంటే

అందరికీ నమస్కారం. ఇందుకూరుపేట, విడవలూరు వైపు 350 రొయ్యల గుంటల లిస్టు మన దగ్గర ఉందనుకోండి. నీటి పరీక్షకు అందులోంచి 20 గుంటలు రాండమ్‌గా తీయాలి. నెల్లూరులో ఒకరు విండోస్ మీద, ఒంగోలులో ఇంకొకరు లైనక్స్ మీద ప్రోగ్రామ్ నడిపినా అవే గుంటలు రావాలి. "మా గుంటే ఎందుకు తీశారు?" అని రైతు అడిగితే ఆయన ఎదుటే మళ్లీ నడిపి చూపించాలి కదా!

ఇద్దరూ ఒకే సీడ్ (లెక్క మొదలుపెట్టే నంబరు) ఇస్తే సరిపోదు. సీ భాషలో రాండమ్ నంబరు ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్ లోపల ఏ లెక్క వాడాలో ఎక్కడా కట్టడి లేదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో (మన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) అది ఇచ్చే పెద్ద నంబరు 32767, లైనక్స్‌లో మామూలుగా 2147483647. సీ ప్లస్ ప్లస్‌లో మెర్సెన్ ట్విస్టర్ అనే రాండమ్ నంబర్ల లెక్క అన్నిచోట్లా ఒకే వరస ఇస్తుంది. కానీ ఆ నంబర్లను 1 నుంచి 350 లోపుకి తెచ్చే యూనిఫామ్ డిస్ట్రిబ్యూషన్ అనే భాగం ఒక్కో కంపైలర్‌లో ఒక్కోలా ఉంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అందుకే రెండు పనులూ మన కోడ్‌లోనే చేద్దాం. 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు కంప్యూటర్ నిపుణులు సిఫారసు చేసిన లెక్క తీసుకుంటున్నా. పాత నంబరును 16807తో గుణించండి, 2147483647తో భాగించండి, శేషమే కొత్త నంబరు. అంతే. సీడ్ మాత్రం సున్నా ఇవ్వకండి, ఎప్పటికీ సున్నాలే వస్తాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. గుణిస్తే వచ్చేది 32 బిట్లలో పట్టదు. వేరియబుల్‌ని "లాంగ్" అని రాస్తే 64 బిట్ లైనక్స్‌లో బాగానే నడుస్తుంది, విండోస్‌లో అదే లాంగ్ 32 బిట్లే. "లాంగ్ లాంగ్" అని రాయండి.

సీడ్ 1 ఇస్తే 16807, 282475249, 1622650073 వస్తాయి. ఒక్కోదాంట్లో 1 తీసేసి, 350తో భాగించి, శేషానికి 1 కలపండి. 7, 49, 23 నంబరు గుంటలు తగిలాయి. వచ్చిన గుంటే మళ్లీ వస్తే వదిలేసి ముందుకు వెళ్లండి. 1 తీసేశాక 2147483450 గానీ అంతకన్నా పెద్దది గానీ మిగిలితే దాన్నీ వదిలేయాలి, లేకపోతే మొదటి 196 గుంటలకు రవ్వంత ఎక్కువ అవకాశం వస్తుంది.

మీ కోడ్ సరైనదో కాదో తేల్చడానికి సీడ్ 1తో పదివేల సార్లు తిప్పండి. 1043618065 రావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా సర్వేకి వాడొద్దు. పాస్‌వర్డ్‌లకు, ఓటీపీలకు అసలే వాడొద్దు, ఒక నంబరు తెలిస్తే తర్వాతది ఎవరైనా లెక్కేస్తారు.

ఇక లిస్టు సంగతి. గుంటల్ని సర్వే నంబరుతో సార్ట్ చేయకండి. 11/2 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, రెండు కంప్యూటర్లలో వరస తారుమారవుతుంది. ముందే ప్రతి గుంటకూ 1 నుంచి 350 దాకా ఒక నంబరు వేసి, ఆ ఫైల్నే ఇద్దరికీ పంపండి. సీడ్ కూడా ప్రోగ్రామ్ నడపకముందే రైతుల ముందు కాగితం మీద రాసి సంతకాలు పెట్టించండి.