రెండు పేటల తాడు, ఒక వంపు

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో డిగ్రీ పిల్లలు, వెనకాల కుర్చీల్లో రైతులు కనిపిస్తున్నారు కాబట్టి తాడుతోనే మొదలుపెడతాను, కోనసీమలో తాడు పేనడం చూడనివాళ్లు ఎవరుంటారు.

నా చేతిలో ఉన్నది కొబ్బరి పీచు తాడు, రెండు పేటలది. బారెడు తాడైతే ఎలా చుడితే అలా చుట్టుకుంటుంది. అదే బెత్తెడు ముక్కని వంచబోతే, ఇదిగో, వేళ్లకి ఎదురు తిరుగుతోంది, వదలగానే మళ్లీ నిటారుగా అయిపోయింది. డీఎన్ఏ కూడా ఏ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలు వరసగా పేర్చిన రెండు పేటల తాడే. మన ఒక్కో కణంలో అది సుమారు 2 మీటర్లు ఉంటుంది, అంత పొడవు మీద మెత్తగానే ఉంటుంది గానీ 150 అక్షరాల ముక్క దగ్గరికి వచ్చేసరికి బిరుసు. దాన్ని ఎవరో పట్టుకుని వంచాలి. ఆ పని ప్రోటీన్లది.

వంచడం దేనికంటే, పట్టు కోసం. కణం రెండయ్యేటప్పుడు జంట క్రోమోజోములని, అంటే డీఎన్ఏ కట్టలని, చెరోవైపుకీ లాగే దారాలు తగులుకునే చోటుని సెంట్రోమియర్ అంటాం. ఉల్లి వేరు కొనని నలిపి, రంగు వేసి మైక్రోస్కోపులో చూసిన పిల్లలకి గుర్తుండే ఉంటుంది, క్రోమోజోములు 'వి' ఆకారంలో, మొన ముందు, కొసలు వెనక పెట్టుకుని వెళ్తుంటాయి. ఆ మొనే సెంట్రోమియర్. ఇక్కడ పట్టు తప్పితే లెక్క తప్పుతుంది, 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువైతే వచ్చేదే డౌన్ సిండ్రోమ్.

రొట్టె పిండిని పొంగించే ఈస్టులో ఈ చోటు భలే చిన్నది, సుమారు 125 అక్షరాలు. 1980లో లూయిస్ క్లార్క్, జాన్ కార్బన్ దీన్ని మొదటిసారి విడదీసి చూపించారు. ఒక కొసన 8 అక్షరాలు, వాటిని సీబీఎఫ్1 అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. రెండో కొసన 25 అక్షరాలు, అక్కడ సీబీఎఫ్3. రెండూ తాడుని వంచేవే. నడుమ 80 అక్షరాల దాకా దాదాపు అన్నీ ఏ, టిలే. ఆ 25లో నట్టనడుమ ఉన్న ఒక్క 'సి'ని మార్చారా, సెంట్రోమియర్ పని ఆగిపోతుంది! ఒక్క అక్షరం మీద ఇంత భారమా అని నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మనుషుల్లో కథ వేరు. సెన్ప్-బి అనే ప్రోటీన్ 17 అక్షరాల గుర్తు చూసుకుని డీఎన్ఏని దాదాపు 59 డిగ్రీలు వంచుతుంది. కానీ వై క్రోమోజోములో ఆ గుర్తే లేదు, అయినా అది చక్కగా పంచబడుతోంది. అంటే అసలు పట్టు ఇంకెక్కడో ఉంది. రేవులో సరంగు పడవని ఎలా కట్టేస్తాడు? గుంజకి తాడు ఒకటి రెండు చుట్లు తిప్పుతాడు. మన డీఎన్ఏ కూడా హిస్టోన్లనే ప్రోటీన్ల గుంజకి 147 అక్షరాల మేర, రెండు చుట్లకి కాస్త తక్కువగా, చుట్టుకుని ఉంటుంది. సెంట్రోమియర్ దగ్గర మాత్రం ఆ గుంజలో సెన్ప్-ఎ అనే వేరే హిస్టోన్ ఉంటుంది, దాని మీద చుట్టు కొసల దగ్గర వదులు. ఈ సెన్ప్-ఎ బయటపడింది స్క్లెరోడెర్మా అనే జబ్బున్నవాళ్ల రక్తంలోని యాంటీబాడీల వల్ల, 1985లో.

మన వరి మాటకొస్తే, మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ అయినా ఇంకోటైనా క్రోమోజోములు 24. సెంట్రోమియర్‌లో 155 అక్షరాల మాట మళ్లీ మళ్లీ వస్తుంది, మనిషిలో అయితే 171. అక్షరాలకి పోలిక లేదు, పొడవు మాత్రం రెండింట్లోనూ ఇంచుమించు ఒక గుంజకి సరిపడా! సెంట్రోమియర్ గుర్తు అక్షరాల్లో కంటే చుట్టిన ప్రోటీన్లోనే ఉందని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక కారణం.

రైతులకి ఒక్క మాట. 2010లో రవి మారుతాచలం, సైమన్ చాన్ అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ సెంట్రోమియర్ హిస్టోన్ని మార్చి, మామూలు మొక్కతో సంకరం చేశారు. మార్చిన మొక్క వైపు క్రోమోజోములు పిండంలోనే రాలిపోయాయి, మిగిలినవి ఒక్క వైపువే. అలాంటి మొక్క క్రోమోజోముల్ని రెట్టింపు చేస్తే ఒక్క దెబ్బకి నికరమైన విత్తనం చేతికొస్తుంది, తరాల తరబడి ఏరుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఈ తాడు ముక్కని వెనక వరస దాకా పంపుతున్నాను. ఒక్కొక్కరూ వంచి చూడండి, ఎంత బలం పట్టిందో చెప్పండి, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.