ఆ చిన్న కార్డును ఆపేసింది నేనే

(ఆగస్టు 19న ఖమ్మంలో ఫొటో, వీడియోగ్రాఫర్ల సమావేశంలో ఒక లాప్‌టాప్ మెకానిక్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, స్టూడియోల మిత్రులకు, కెమెరా భుజానేసుకుని పొద్దున్నే పెళ్లికి పోయి అట్నుంచి అటే ఇక్కడికొచ్చిన తమ్ముళ్లకు నమస్కారం. అధ్యక్షులు నాకు 15 నిమిషాలిచ్చారు. పేర్లు వరసగా చదివితే అందులో సగం పోతుంది, పెద్దలు మన్నించాలి.

ఈ ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం ఎందుకు జరుపుకుంటున్నామో మీకు నేను చెప్పక్కర్లేదు. 1839 ఆగస్టు 19న పారిస్‌లో అరగో అనే శాస్త్రవేత్త అకాడెమీ సభలో నిలబడి, డగెర్ అనే ఆయన అద్దంలాంటి వెండిరేకు మీద బొమ్మ ఎలా పట్టాడో విప్పి చెప్పాడు. అప్పటిదాకా అది రహస్యం. నాకు ఈ పండగలో నచ్చేది అదే. పనిముట్టు ఎలా పనిచేస్తుందో దాన్ని వాడేవాళ్లకు దాచకుండా చెప్పడం. నేను ఇవాళ మాట్లాడాలనుకున్నదీ అలాంటిదే. మీ లాప్‌టాప్‌లో తెర మీది బొమ్మలు చూసుకునే గ్రాఫిక్స్ కార్డులు రెండున్నాయి, ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నదొకటి, విడిగా ఉండే పెద్దదొకటి. రెండూ ఒకేసారి పనిచేస్తాయా, చేయవా?

వారానికి ఇద్దరైనా నన్ను ఇదే అడుగుతారు. 'అన్నా, టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనబడుతున్నయ్. ఒకటి ఉరుకుతుంది, ఒకటి పడుకుంది. రెండోదాన్ని లేపు.' టాస్క్ మేనేజర్ అంటే లాప్‌టాప్‌లో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపించే విండోస్ కిటికీ, జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డే.

2022 మాఘమాసంలో ఒక కుర్రాడు సరిగ్గా ఇదే మాటతో వచ్చాడు. పేరు చెప్పను. అప్పుడప్పుడే సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాడు. కెమెరా అద్దెది, సోనీ ఏ7ఎస్ 3. లాప్‌టాప్ మాత్రం సొంతం, వాయిదాల మీద కొన్నాడు. ప్రాసెసర్ ఇంటెల్ 11వ తరం ఐ5, చిన్న కార్డు అందులోనే ఉంది. పెద్ద కార్డు ఎన్విడియా జీటీఎక్స్ 1650. 16 జీబీ ర్యామ్. కొన్న చోట అతనికి ఏం చెప్పారంటే, ఇందులో రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి, మొత్తం 12 జీబీ గ్రాఫిక్స్ అని.

ఆ 12 ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే ఇప్పటికీ అలాగే అమ్ముతున్నారు. ఎన్విడియా కార్డుకు సొంత మెమరీ 4 జీబీ. అది నిజం. కార్డుకు చాలకపోతే వాడుకోవడానికి విండోస్ మీ మామూలు ర్యామ్‌లో సగం దాకా చూపిస్తుంది. 16లో సగం 8. ఆ నాలుగూ ఈ ఎనిమిదీ కూడి టాస్క్ మేనేజర్‌లో 12 దగ్గర అంకె కనబడుతుంది. ఆ ఎనిమిది మీ ర్యామే. ఇంటెల్ కార్డుకు అసలు సొంత మెమరీ లేదు, అదీ ఆ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. ఒకే బిందెలోని నీళ్లు ముగ్గురికి చూపించి మూడు బిందెలని డబ్బు తీసుకోవడం ఇది. ఇక్కడ అమ్మకం చేసేవాళ్లు కూడా ఉన్నారు. మీకు దండం పెడతాను, ఆ కూడిక చెప్పకండి. ఆ మాట నమ్మి వాయిదాలు కట్టేవాళ్లు మనవాళ్లే.

సరే, కుర్రాడి దగ్గరికి వద్దాం. పెళ్లి ఫుటేజ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద పెడితే ఆగి ఆగి ఆడుతోంది. ఇంటెల్ 60, 70 శాతం మీదుంది. ఎన్విడియా రెండు మూడు దగ్గరుంది. 'పెద్ద కార్డు పోయిందా అన్నా' అన్నాడు. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి, అప్పటికే చాలా ఏళ్ల అనుభవం. ఒక్క నిమిషం చూసి, చిన్న కార్డు అడ్డం పడుతోంది, దాన్ని ఆపేస్తే పనంతా పెద్దదాని మీద పడుతుందన్నాను. డివైజ్ మేనేజర్‌లోకి వెళ్లి ఇంటెల్ గ్రాఫిక్స్‌ను డిసేబుల్ చేశాను. తెర వెలుతురు తగ్గించడం, పెంచడం పోయింది. అదేం ఫరవాలేదన్నాను. రెండు వందలు తీసుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం పెళ్లివారింట్లో సత్యనారాయణ వ్రతం. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు కలిపి పది నిమిషాల వీడియో చుట్టాల ముందు వేస్తామని అతను మాటిచ్చాడు. రాత్రంతా కూచున్నాడు. క్లిప్పు ముందుకు జరపడమే కష్టమైంది. తెల్లారేసరికి ఎక్స్‌పోర్ట్ సగం కూడా కాలేదు. వ్రతానికి వీడియో లేదు. వాళ్లు మిగిలిన డబ్బు ఇవ్వలేదు. నాతో అతను ఒక్క మాటనలేదు. నాలుగు నెలల తర్వాత వేరేవాళ్ల నోట విన్నాను.

ఆ చిన్న కార్డు ఏం చేస్తోందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ సోనీ కెమెరాలో అతను తీసింది హెచ్265, 10 బిట్, 4:2:2, అంటే బాగా కుదించినా రంగుల వివరం ఎక్కువ ఉంచే ఫైలు. రంగులు దిద్దడానికి మీలో చాలామంది అదే పెడుతున్నారు. ఆ ఫైలును తడబడకుండా విప్పడానికి చిప్పులో ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి. ఇంటెల్ 11వ తరంలో క్విక్ సింక్ పేరుతో అది ఉంది. జీటీఎక్స్ 1650లో ఆ రకం ఫైలుకు లేదు. ఎన్విడియాలో 4:2:2 విప్పే భాగం వచ్చింది 2025లో, ఆర్‌టీఎక్స్ 50 వరసతోనే. అంటే ఆ రోజు ఇంటెల్ 70 శాతం మీద ఉండటం జబ్బు కాదు, అది తన పని తను చేస్తోంది. నేను దాన్ని ఆపేశాక ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడింది. అసలు జబ్బు వేరే. రెండు కెమెరాల ఫుటేజ్‌ను తిరిగే డిస్కున్న పాత ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మీంచి నేరుగా ఆడిస్తున్నాడు. లోపలి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసుకో అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నా నోట రాలేదు.

నేను ఎందుకు పొరబడ్డానో ఆలోచిస్తే, మనందరి మనసులో ఒకే బొమ్మ ఉంది, జోడెద్దుల బండి. రెండు కార్డులంటే రెండెడ్లు, ఒకే కాడికి కట్టి లాగించాలి. నిజానికి ఇది పెళ్లి మేళం. సన్నాయి ఒకరిది, డోలు ఒకరిది. ఒకే సన్నాయిని ఇద్దరు ఊదలేరు.

అలా ఊదించాలని చూడకపోలేదు. 2013 ప్రాంతంలో లెనోవో వై500 అనే లాప్‌టాప్ వచ్చింది. డీవీడీ డ్రైవ్ ఉండే చోట రెండో జీటీ 650ఎం కార్డు దూర్చొచ్చు. ఎస్‌ఎల్‌ఐ అనేవారు. గేమ్‌లో మొదటి బొమ్మ ఒక కార్డు గీస్తే రెండోది ఇంకోటి గీస్తుంది, వంతులవారీగా. అందుకే రెండూ సమానం కావాలి. ఒకటి పది రెట్లు నెమ్మదైతే పెద్దది దాని కోసం ఆగాల్సిందే. అందులోనూ మెమరీ కూడలేదు. రెండు కార్డుల్లోనూ అదే సామాను పెట్టుకోవాలి కాబట్టి 2, 2 కలిసినా రెండే. ఏఎండీ వాళ్లు 2011లో చిప్పులోని రేడియాన్‌నూ విడి రేడియాన్‌నూ కలిపి డ్యూయల్ గ్రాఫిక్స్ అన్నారు. 2017లో ఏసర్ ప్రెడేటర్ 21 ఎక్స్‌లో రెండు జీటీఎక్స్ 1080లు పెట్టారు, బరువు 8 కిలోలు దాటింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎవరు పనిచేస్తారు? చివరికి 2021 జనవరి 1 నుంచి ఎస్‌ఎల్‌ఐకి కొత్త ప్రొఫైళ్లు, అంటే ఒక్కో గేముకు కావాల్సిన సెట్టింగులు, ఇవ్వబోమని ఎన్విడియానే చెప్పేసింది. విండోస్ గేములు వాడుకునే డైరెక్ట్‌ఎక్స్ 12లో వేరు వేరు కార్డుల్ని కలిపే దారి 2015 నుంచీ ఉంది. కానీ ఆ కష్టమంతా గేమ్ రాసేవాడే పడాలి, దాదాపు ఎవరూ పడలేదు.

ఇప్పటి లాప్‌టాప్‌లో జరిగేది ఇంకో తీరు. 2010లో ఎన్విడియా ఆప్టిమస్ అని తెచ్చింది. చాలా లాప్‌టాప్‌లలో తెరకు వెళ్లే తీగ చిన్న కార్డుకే ఉంటుంది. పెద్దది బొమ్మ గీసి ర్యామ్‌లో చిన్నదాని భాగంలోకి పంపుతుంది, చిన్నది తెర మీద చూపిస్తుంది. మీరు గేమ్ ఆడుతున్నప్పుడు కూడా రెండూ మెలకువగానే ఉన్నాయి. మక్స్ స్విచ్ ఉన్న మోడళ్లలో పెద్దదాన్ని నేరుగా తెరకు కలపొచ్చు, గేములకు అది మంచిదే. కానీ అలా మార్చినప్పుడు కొన్ని లాప్‌టాప్‌లలో ఇంటెల్ పూర్తిగా మాయమవుతుంది. 4:2:2 ఎడిట్ చేసేవాళ్లు అది చూసుకోవాలి, మళ్లీ చెప్తున్నా, చూసుకోవాలి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఎడిటింగ్ సంగతి చెప్పి ముగిస్తాను. వీడియో పనిలో రెండూ ఒకేసారి నిజంగా పనిచేస్తాయి. చిన్నది ఫైలు విప్పుతుంది. పెద్దది రంగులు, ఎఫెక్టులు చూస్తుంది. దానికి మీరు ఏ కార్డునూ ఆపకూడదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో రెండరింగ్‌కు కుడా (CUDA) ఎంచుకోండి, అంటే పని ఎన్విడియా కార్డుకు అప్పగించే దారి, డీకోడింగ్‌లో ఇంటెల్ టిక్ తీయకండి. విండోస్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ అని ఉంటుంది, అక్కడ మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. ఛార్జర్ పెట్టే పనిచేయండి, బ్యాటరీ మీద పెద్ద కార్డు శక్తి తగ్గిపోతుంది. 16 జీబీ ఒకే ముక్కగా ఉంటే 8, 8గా రెండు ముక్కలు వేయించుకోండి. చిన్న కార్డు ర్యామ్ మీదే బతుకుతుంది, దానికి దారి వెడల్పవుతుంది. ఇంకోటి, టాస్క్ మేనేజర్‌లో పెద్ద కార్డు సున్నా దగ్గర కనబడితే కంగారుపడకండి. గ్రాఫ్ పైన పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కితే జాబితా వస్తుంది. కొన్నిటిలో CUDA పని అక్కడ మాత్రమే కనబడుతుంది.

బల్ల మీది ఈ లాప్‌టాప్ ఆ కుర్రాడిదే. రెండో ఏడు అమ్మేస్తానంటే అతను అడిగిన ధరకే నేను కొన్నాను. తమ్ముడూ, నువ్వు ఈ హాల్లోనే ఉన్నావని నాకు తెలుసు. ఆ రోజు తప్పు నీది కాదు, నీ లాప్‌టాప్‌ది కాదు. నాది. ఇన్నాళ్లూ నీకు విడిగా చెబుదామనుకుని చెప్పలేకపోయాను, అందుకే అందరి ముందూ చెప్తున్నాను.

ఇందులో ఇప్పుడు రెండు కార్డులూ ఆన్‌లో ఉన్నాయి. ఫుటేజ్ అదే రకం, హెచ్265, 4:2:2, రెండు కెమెరాలది, లోపలి ఎస్‌ఎస్‌డీలో ఉంది. బాబూ, ముందు వరస లైట్లు కొంచెం తగ్గించండి. ఎడమ పక్క జీపీయూ 0, కింద జీపీయూ 1. ప్లే నొక్కుతున్నాను. రెండు గీతలూ చూడండి.