రెండో ప్రశ్న: 'మీట్ ద ప్రెస్' డెబ్భై ఏళ్లు దాటిన కథ

అక్క: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్‌లో ఆదివారం ఉదయం వచ్చే 'మీట్ ద ప్రెస్' గురించి మాట్లాడుకుందాం. 1947 నవంబర్ 6న టీవీలో మొదలైన ఈ కార్యక్రమం ఇప్పటికీ వస్తూనే ఉంది.

తమ్ముడు: 1947 అంటే టీవీ ఉన్న ఇళ్లే చాలా తక్కువ కదక్కా. చూసేవాళ్లు ఎవరు?

అక్క: చూసేవాళ్లు తక్కువే. కానీ అప్పటికే రేడియోలో దీనికి పేరుంది. 1945లో రేడియో కార్యక్రమంగా పుట్టింది. మార్తా రౌంట్రీ అనే జర్నలిస్టు, 'అమెరికన్ మెర్క్యురీ' పత్రిక నడిపే లారెన్స్ స్పివాక్ కలిసి పెట్టారు. టీవీలో మోడరేటర్ కుర్చీలో, అంటే చర్చను నడిపే చోట, మొదట కూర్చున్నది రౌంట్రీయే. మొదటి అతిథి జేమ్స్ ఫార్లీ, రూజ్వెల్ట్ ఎన్నికల ప్రచారాలు నడిపిన మనిషి. 1953లో ఆవిడ తన వాటాను స్పివాక్‌కి అమ్మేసి తప్పుకున్నారు. ఎవరు ఎవరి వాటా కొనాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారని చెబుతారు. ఆ తర్వాత ఆ కుర్చీలోకి శాశ్వత మోడరేటర్‌గా మళ్లీ ఒక మహిళ వచ్చింది ఎప్పుడో తెలుసా? 2023లో, క్రిస్టెన్ వెల్కర్.

తమ్ముడు: డెబ్భై ఏళ్లు! ఒక మహిళ మొదలుపెట్టిన కార్యక్రమంలోనే?

అక్క: అదే నాకు బాధగా ఉంటుంది. కార్యక్రమం చరిత్ర రాసినప్పుడల్లా రౌంట్రీని ఒక్క లైన్‌లో దాటేస్తారు. నలుగురు రిపోర్టర్లు, ఒక నాయకుడు, మధ్యలో మోడరేటర్. ఆ పద్ధతి ఆవిడ చేతుల మీదుగా నిలబడింది.

తమ్ముడు: అంటే ఒక రకంగా ప్రెస్‌మీట్‌నే టీవీలో చూపించారన్నమాట.

అక్క: ప్రెస్‌మీటే, కానీ తప్పించుకునే దారి లేని ప్రెస్‌మీట్. మామూలు ప్రెస్‌మీట్‌లో నచ్చని ప్రశ్న వస్తే నాయకుడు ఇంకో విలేకరి వైపు తిరుగుతాడు. ఇక్కడ ఎటు తిరిగినా ఆ నలుగురే. పైగా ఇక్కడ అన్న మాటకు చట్టం ముందు జవాబు చెప్పుకోవాలి. దీనికి 1948 ఆగస్టులో జరిగింది చూడు.

తమ్ముడు: విటేకర్ ఛాంబర్స్ సంగతేనా?

అక్క: అదే. ఛాంబర్స్ ఒకప్పుడు కమ్యూనిస్టు. అమెరికా విదేశాంగ శాఖలో పెద్ద పదవిలో పనిచేసిన ఆల్జర్ హిస్ కూడా కమ్యూనిస్టేనని కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాడు. కమిటీ ముందు చెప్పిన మాట మీద పరువు నష్టం దావా వేయడం కుదరదు. దమ్ముంటే ఆ రక్షణ లేనిచోట చెప్పమని హిస్ సవాలు చేశాడు. కొద్దిరోజులకే ఛాంబర్స్ రేడియోలో మీట్ ద ప్రెస్‌కి వచ్చాడు. ఒక రిపోర్టర్ సూటిగా అడిగాడు, ఆ మాట ఇక్కడ అంటారా అని. అన్నాడు.

తమ్ముడు: హిస్ దావా వేశాడు.

అక్క: వేశాడు. ఆ దావాలో తనను తాను కాపాడుకోవడానికే ఛాంబర్స్ దాచిపెట్టిన కాగితాలు బయటికి తీశాడు. అవి తిరిగి తిరిగి హిస్ మెడకే చుట్టుకున్నాయి. అబద్ధపు సాక్ష్యం చెప్పాడని 1950 జనవరిలో హిస్‌కి నేరం రుజువైంది. దేశాన్ని కుదిపేసిన కేసు అది. రిపోర్టర్ అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో అది కమిటీ గదిలోంచి కోర్టుకెక్కింది.

తమ్ముడు: ఆదివారం ప్రసారం కావడం కూడా దీని బలం అంటారు కదా?

అక్క: చాలా పెద్ద బలం. ఆదివారం వాషింగ్టన్‌లో వార్తలు తక్కువ. సోమవారం పత్రిక మొదటి పేజీకి ఏదో ఒకటి కావాలి. ఈ స్టూడియోలో అన్న మాట అక్కడికి వెళ్తుంది. అందుకే చూసే జనం సంఖ్యను బట్టి దీని ప్రభావాన్ని కొలవకూడదు. చూసినవాళ్లలో ఎడిటర్లు ఉన్నారు, ఎంపీల్లాంటి కాంగ్రెస్ సభ్యులు ఉన్నారు, వాళ్ల సలహాదారులు ఉన్నారు. సీబీఎస్ 1954లో 'ఫేస్ ద నేషన్' పెట్టింది, తర్వాత ఏబీసీ, ఫాక్స్ కూడా ఆదివారానికే వచ్చాయి.

తమ్ముడు: 1960 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చిన ఎపిసోడ్ గురించి చెప్పక్కా.

అక్క: దక్షిణాదిలో నల్లజాతి విద్యార్థులు హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చుని సత్యాగ్రహం చేస్తున్న రోజులవి. ఆ ఉద్యమాన్ని ఆయన అక్కడ గట్టిగా సమర్థించారు. ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, అంటే అందరూ చర్చిలో ఉండే సమయంలోనే, అమెరికాలో జాతుల వేర్పాటు అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుందని, అది సిగ్గుపడాల్సిన విషాదమని అన్నారు. ఆ మాట ఆదివారమే చెప్పారని గుర్తుపెట్టుకో.

తమ్ముడు: ఇక టిమ్ రసర్ట్ దగ్గరికి రావాలి. ఈ కార్యక్రమం అంటే చాలామందికి ఆయనే.

అక్క: మోడరేటర్ కాకముందే, 1991 నవంబర్‌లో, ప్యానెల్‌లో కూర్చుని ఆయన అడిగిన ఒక ప్రశ్న నాకు ఎప్పటికీ మర్చిపోలేనిది. డేవిడ్ డ్యూక్ అని, నల్లజాతివాళ్ల మీద ద్వేషంతో నడిచే కూ క్లక్స్ క్లాన్ అనే సంఘానికి ఒకప్పుడు నాయకుడు, లూసియానా గవర్నర్ పదవికి పోటీ చేస్తున్నాడు. ఉద్యోగాలు తెస్తానంటున్నాడు. రసర్ట్ అడిగింది ఏమిటంటే, మీ రాష్ట్రంలో ఎక్కువ మందికి ఉద్యోగాలు ఇస్తున్న మొదటి మూడు సంస్థలు ఏవి?

తమ్ముడు: చెప్పలేకపోయాడు.

అక్క: ఒక్కటీ చెప్పలేకపోయాడు. ద్వేషం గురించి అడిగి ఉంటే డ్యూక్ దగ్గర సిద్ధంగా జవాబుంది, ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. ఈ ప్రశ్నకు లేదు. ఆ ఎన్నికలో ఓడిపోయాడు. ఆ తర్వాత డిసెంబర్ నుంచి రసర్ట్ మోడరేటర్ అయ్యారు, 2008 జూన్‌లో ఎన్‌బీసీ ఆఫీసులోనే గుండెపోటుతో చనిపోయేదాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. అతిథి పాత మాటను తెర మీద పెట్టి చదువుతారు. అప్పుడు ఇలా అన్నారు, ఇప్పుడు ఇలా అంటున్నారు, ఏది నిజం? అరుపులు ఉండవు, వేళాకోళం ఉండదు.

తమ్ముడు: కానీ అక్కా, ఆ రసర్ట్ ఉన్నప్పుడే కదా ఇరాక్ విషయంలో ఈ కార్యక్రమం మీద పెద్ద మచ్చ పడింది?

అక్క: అవును, దాన్ని దాటేసి ముందుకెళ్లకూడదు. 2002 సెప్టెంబర్ 8న ఉపాధ్యక్షుడు డిక్ చేనీ వచ్చాడు. అదే రోజు న్యూయార్క్ టైమ్స్‌లో, ఇరాక్ అణు కార్యక్రమం కోసం అల్యూమినియం గొట్టాలు కొనాలని చూసిందని అధికారుల మాటగా వార్త వచ్చింది. చేనీ ఆ వార్తనే సాక్ష్యంగా చూపించాడు. ప్రభుత్వంలోని వాళ్లు చెప్తే పత్రికలో వచ్చింది, పత్రికలో వచ్చిందని ప్రభుత్వమే టీవీలో చెప్పింది. 2003 మార్చి 16న మళ్లీ వచ్చి, మన సైన్యాన్ని ఇరాక్ ప్రజలు విమోచకులుగా స్వాగతిస్తారన్నాడు. ఆ వారంలోనే యుద్ధం మొదలైంది.

తమ్ముడు: తర్వాత కోర్టులో బయటపడింది కూడా ఉంది కదా?

అక్క: 2007లో చేనీ సహాయకుడు స్కూటర్ లిబ్బీ మీద విచారణ జరిగింది. చేనీ మీడియా వ్యవహారాలు చూసిన క్యాథీ మార్టిన్ సాక్ష్యం చెప్పింది. ఉపాధ్యక్షుణ్ని మీట్ ద ప్రెస్‌కి పంపడం అన్నిటికంటే మంచి మార్గమని, అక్కడైతే మన సందేశం మన చేతిలో ఉంటుందని తన నోట్స్‌లో రాసుకుంది. అమెరికాలో అన్నిటికంటే కఠినమైన ఇంటర్వ్యూ అని పేరున్న చోటు గురించి రాసిన మాట అది.

తమ్ముడు: అంటే ఆ పాత మాటల పద్ధతి అక్కడ పనిచేయలేదు.

అక్క: ఎందుకు పనిచేయలేదో ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది. ఆ పద్ధతి మాట మార్చినవాణ్ని పట్టుకుంటుంది. మొదటి నుంచీ ఒకే మాట మీద నిలబడి, ఆ మాటే తప్పయితే పట్టుకోలేదు. దానికి పాత క్లిప్ చాలదు. ఆ గొట్టాల గురించి ఇంధన శాఖ నిపుణులు వేరే మాట అంటున్నారని తెలిసి ఉండాలి, జవాబు వచ్చాక రెండో ప్రశ్నగా అది అడగాలి.

తమ్ముడు: అనుకోకుండా బయటపడ్డ నిజాలూ ఉన్నాయిగా. 2012 మేలో అప్పటి ఉపాధ్యక్షుడు బైడెన్ వచ్చినప్పుడు, స్వలింగ వివాహాల మీద తనకు ఏ అభ్యంతరమూ లేదనేశాడు. మూడు రోజులకు అధ్యక్షుడు ఒబామా కూడా తన మద్దతు ప్రకటించాల్సి వచ్చింది.

అక్క: అది నిజం. ఇప్పుడు వెల్కర్ కాలంలో అసలు చర్చ లైవా, రికార్డింగా అన్నది. 2023 సెప్టెంబర్‌లో ఆవిడ మొదటి ఎపిసోడ్ ట్రంప్‌తో, ముందే రికార్డ్ చేసిందే. అబద్ధాలను అక్కడికక్కడే సరిగా ఆపలేదని చాలా విమర్శలు వచ్చాయి.

తమ్ముడు: రికార్డ్ చేసినప్పుడు నిజానిజాలు సరిచూసి పక్కనే వేయొచ్చు కదా, అదే మేలు.

అక్క: నేను ఒప్పుకోను. పక్కన వేసిన దానికి అతిథి జవాబు చెప్పక్కర్లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూస్తూ అడిగితే జవాబైనా చెప్పాలి, చెప్పనని అందరి ముందైనా ఒప్పుకోవాలి.

తమ్ముడు: సరే, దీని మీద మనిద్దరికీ కుదిరేలా లేదు. వినేవాళ్లు ఏమనుకుంటున్నారో రాయండి, వచ్చే ఎపిసోడ్ మొదట్లో చదువుతాం.