కష్టం వేరు, అన్యాయం వేరు

(గుంటూరు బ్రాడీపేటలో పుస్తకప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఆదివారం పేపరు రాగానే హెడ్డింగులు కూడా చూడకుండా గళ్ల పేజీ తీసేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. మీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్) అంటే కాలక్షేపం అనుకునేవాళ్ల కోసం ముందుగా ఒక ఆధారం, అంటే క్లూ, ఇస్తాను.

"తల తిరిగిందా? పట్టుకో తీగ." రెండక్షరాలు.

వినగానే కళ్లు బైర్లు కమ్మి పడబోతున్న మనిషి కనిపిస్తాడు. ఆ మనిషిని పక్కన పెట్టండి. 'తల' అన్న మాటనే తిప్పండి, వెనక నుంచి చదవండి. లత. లత అంటే తీగ. 'పట్టుకో' అన్నది ఆ మనిషికి కాదు, మనకే చెప్పారు.

మామూలు గడిలో 'తీగ' అని అడిగి ఊరుకుంటారు. లత కావచ్చు, వల్లి కావచ్చు, రెండూ రెండక్షరాలే. నిలువు మాట వచ్చేదాకా ఏదో తేలదు. గూఢంగా అడిగినప్పుడు అలా కాదు. జవాబుకి రెండు దారులుంటాయి. ఒకటి అర్థం, రెండోది అక్షరాల ఆట. రెండూ ఒకే మాట దగ్గర కలిశాయంటే ఇంక అనుమానానికి చోటు లేదు. అందుకే మామూలు గడి కంటే గూఢమైన గడే నికరమైనదని నా నమ్మకం. ఎక్కువ దాచినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఎక్కువ చెబుతుంది.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి గడి ఇచ్చాడు. అందులో గూఢం ఏమీ లేదు, సూటి అర్థాలే. గూఢం ఇంగ్లండులో పెరిగింది. అక్కడి అబ్జర్వర్ పత్రికలో 1926 నుంచి గళ్లు కూర్చినాయన టార్కెమాడా అని కలం పేరు పెట్టుకున్నాడు. ఒకప్పుడు స్పెయిన్‌లో మతం పేరుతో జనాన్ని విచారించి హింసించిన అధికారి పేరది. ఆయన తర్వాత వచ్చినాయన జిమెనీజ్, అదీ అలాంటి అధికారి పేరే. 1972లో మొదలుపెట్టిన మూడో ఆయన డెజా అనే మరో విచారణాధికారి పేరుని వెనక నుంచి రాసుకుని అజెడ్ అయ్యాడు. ఆ పేరే ఒక చిక్కుముడి.

పేర్లు చూసి భయపడొద్దు. వీళ్లలో జిమెనీజ్ చేసిన మేలు చాలా పెద్దది. కూర్పరి ఎంత తికమకైనా పెట్టొచ్చు, కానీ ఆధారంలో పనికిరాని మాట ఒక్కటీ ఉండకూడదని 1966లో ఒక పుస్తకమే రాశాడు. అంతకుముందే 1949లో ఆఫ్రిట్ అనే కూర్పరి ఇదే సంగతి ఇంకోలా చెప్పాడు. నేను పైకి అన్నదే నా ఉద్దేశం కానక్కర్లేదు, కానీ నా ఉద్దేశం ఏమిటో ఆ మాటల్లోనే ఉండి తీరాలి అని.

మన ఊరి సరుకుతోనే చూద్దాం. "నేను గుంటూరు ఘాటునన్న గర్వం." నాలుగక్షరాలు. నేను అంటే అహం. గుంటూరు ఘాటు అంటే ఏమిటో ఈ ఊళ్లో చెప్పక్కర్లేదు, కారం. గర్వం అంటే అహంకారం. ఇప్పుడు ఒక్క మాట మార్చి, 'నా గుంటూరు ఘాటు మీద ప్రేమ' అంటాను. నా అంటే మమ, దానికి కారం కలిపితే మమకారం. జవాబు కుదిరింది, వాక్యం కూడా సహజంగా ఉంది. అయినా ఈ ఆధారం నేను ఒప్పుకోను. 'మీద' అన్న మాటకి లోపల పనేమీ లేదు. వాక్యం అందం కోసం వచ్చి కూర్చుంది. నింపేవాడు ఆ 'మీద'ని పట్టుకుని అక్షరాలు ఒకదాని మీద ఒకటి పేర్చాలేమో అని అరగంట కొట్టుకుంటాడు. "నా గుంటూరు ఘాటే ప్రేమ" అంటే సరిపోతుంది.

కష్టం వేరు, అన్యాయం వేరు అని నేను అనేది ఇందుకే. తెలుగులో కొందరు కూర్పరులు సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఏ మూలో పడి ఉన్న మాటని తెచ్చి అడ్డం 1లో పెడతారు. అది కష్టం కాదు, నిఘంటువు ఎవరి దగ్గరుందో చూసే పరీక్ష. తల, తీగ, కారం లాంటి రోజూ వాడే మాటలతోనే గంటసేపు తిప్పలు పెట్టి, చివరికి 'అయ్యో, ఎదురుగానే ఉందే!' అనిపించేవాడే గొప్ప కూర్పరి.

తెలుగులో కూర్చడం ఇంగ్లీషులో కూర్చడం కంటే కష్టం. గడిలో పడేది ఒక అక్షరం మొత్తం, గుణింతంతో, ఒత్తుతో సహా. అడ్డానికి 'కు' వస్తే నిలువుకీ 'కు'నే కావాలి, 'కూ' కుదరదు. కానీ నింపేవాళ్లకి ఇదే వరం. ఒక్క గడి నిండిందంటే నిలువు మాట సగం తెలిసిపోయినట్టే. ఇంగ్లీషు వాళ్లకి పొడి అక్షరాల పొట్టి మాటలున్నట్టే మనకి సంస్కృతం ఇచ్చిన ఏకాక్షరాలున్నాయి. అమరకోశంలో లక్ష్మి పేర్లలో శ్రీ ఉంది, మా కూడా ఉంది. "లక్ష్మితో గుంటూరు ఘాటు ఆరంభం" అంటే శ్రీకారం. ఇంకెక్కడైనా 'మా' కనిపిస్తే అది మనదో లక్ష్మిదో చూసుకోవాలి. మాట మధ్యలో మాట దాచడం కూడా మన భాషలో ఎంతో బాగుంటుంది. "బెజవాడ జనుల్లో దాగిన పన్నెండు." అక్షరాలు వరసగా చదవండి. డజను.

ఇది మనకి అరువు సరదా ఏమీ కాదు. సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు, అంటే చిక్కుప్రశ్నలు, చెప్పాడు. అవి ఎందుకు పనికొస్తాయో కూడా చెప్పాడు. గోష్ఠుల్లో వినోదానికి, నలుగురి మధ్య రహస్యం మాట్లాడుకోవడానికి, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికి. ఆ రెండోది చదివినప్పుడల్లా నాకు రెండో ప్రపంచ యుద్ధం నాటి 1942 గుర్తొస్తుంది. లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక గడిని పన్నెండు నిమిషాల్లో నింపే పోటీ పెట్టారు. అందులో నెగ్గినవాళ్లలో కొందరిని శత్రువుల రహస్య సందేశాలు విప్పే పనికి పిలిచారు. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులు కూర్చుని గళ్లు కూర్చారంటే అదీ ఊరికే కాదు. ఒక మాటకున్న అర్థాలన్నీ ఒకేసారి కళ్ల ముందు కదలడం కవికీ కావాలి, కూర్పరికీ కావాలి.

వేగం మీద మాత్రం నాకు మోజు లేదు. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లిన రోజుల్లో ఒకే పేపరు మీద నలుగురం వంగేవాళ్లం. తేలికవన్నీ మంగళగిరి లోపే అయిపోయేవి. కృష్ణా కెనాల్ దాటాక సిగ్నల్ కోసం బండి ఆగేది. డబ్బాలో అందరూ విసుక్కుంటుంటే మేం మాత్రం ఇంకాస్త ఆగితే బాగుండు అనుకునేవాళ్లం. మాలో ఒకాయనకి ఒక నియమం ఉండేది. జవాబు తెలిసినా చెప్పేవాడు కాదు. 'మూడో మాట తర్వాత విరవండి' అనేవాడు, అంతే. ఎక్కడ విరవాలో తెలిశాక తక్కినది మనమే చేసుకోవాలి. ఆ అలవాటు ఈ రోజుకీ నన్ను వదల్లేదు. ఎవరైనా అడిగితే వాక్యం ఎక్కడ తెగుతుందో చెబుతాను, జవాబు చెప్పను.

ఇంకో అలవాటు కూడా ఆ రైల్లోనే అబ్బింది. జవాబు తట్టి, ఎందుకో తెలియకపోతే దాన్ని పెన్సిల్‌తో లేతగా రాయాలి. ఎందుకో తెలిశాకే దిద్దాలి. ఊహించి నింపితే గడి నిండుతుంది గానీ, కూర్పరి మనకోసం దాచింది అందదు. అర్థం ఎప్పుడూ ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. ముందు ఆ రెండు కొసలూ చూడండి. అస్సలు కదలకపోతే లేచిపోండి. ఇంకో పనిలో ఉన్నప్పుడు, బజార్లో కూరగాయలు ఏరుతున్నప్పుడు, పిలవకుండానే తడుతుంది. అప్పుడు కలిగే సంతోషం మరుసటి రోజు పేపర్లో జవాబు చూసుకుంటే రాదు. నిఘంటువు చివర్లో తీయండి, సరిచూసుకోవడానికి.

మీ కుర్చీల మీద ఒక కాగితం పెట్టించాను. ఈ సభ కోసం నేను కూర్చిన గడి. అరుదైన మాట ఒక్కటీ లేదు, పనిలేని మాట కూడా ఒక్కటీ లేకుండా చూశాను. అడ్డం 1 దగ్గర ఆగిపోకండి, కింద కుడివైపు మూల కాస్త తేలిక. పక్కవాళ్లతో కలిసి నింపండి. ఏ ఆధారంలోనైనా అన్యాయం కనిపిస్తే చెయ్యెత్తండి, ముందు దాని సంగతే మాట్లాడుకుందాం.