బొగ్గు, ఆవిరి, సున్నం

శ్రోతలకు నమస్కారం.

నాట్లు పడగానే మిర్యాలగూడ, హాలియా రైతులకు యూరియా టెన్షన్ మొదలవుతుంది. యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా సహజ వాయువు నుంచి తీస్తున్నారు. ఆ వాయువులో పెద్ద వాటా దిగుమతిదే. బొగ్గు నుంచి కూడా హైడ్రోజన్ తీయొచ్చు. రామగుండంలో 1980లో మొదలై 1999లో మూతపడిన పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గు మీద నడిచిందే.

బొగ్గులో హైడ్రోజన్ కొంచెమే ఉంటుంది. మనకు వచ్చేది చాలావరకు నీటిలోది. బొగ్గును పూర్తిగా కాలిపోనివ్వకుండా, బాగా వేడెక్కించి దాని మీదికి ఆవిరి పంపిస్తారు. నీటిలోని ఆక్సిజన్‌ను బొగ్గులోని కార్బన్ లాగేసుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు బయటికొస్తుంది. ఆ మోనాక్సైడ్‌కు మళ్లీ ఆవిరి తగిలిస్తే ఇంకొంత హైడ్రోజన్ వస్తుంది, దాంతోపాటే కార్బన్ డయాక్సైడూ వస్తుంది.

చిక్కంతా అక్కడే ఉంది. కాగితం మీద లెక్కేసినా 1 కిలో హైడ్రోజన్‌కు 11 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. వేడి కోసం మండించే బొగ్గు కూడా కలిపితే ఫ్యాక్టరీలో అది 20 కిలోల దగ్గరికి చేరుతుంది. అదంతా చిమ్నీలోంచి వదిలేసి, ఇది స్వచ్ఛమైన ఇంధనం అంటే నేను ఒప్పుకోను.

ఈ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది సున్నంతో చేసేది. మన ఊళ్లలోని పాత గడీల గోడలకు డంగు సున్నం వాడారు. అది ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. బొగ్గు మీద ఆవిరి పనిచేసే చోటే పొడి సున్నం వేస్తే, 600 నుంచి 700 డిగ్రీల మధ్య ఇదే పని నిమిషాల్లో అవుతుంది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టినట్టే సున్నం లాగేస్తుంటే, చర్య హైడ్రోజన్ వైపే సాగుతుంది. పైగా సున్నం రాయిగా మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆవిరి చర్యకు కావలసింది ఆ వేడే. ఒకే పొయ్యిలో ఇన్ని పనులు జరగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ రాయిని ఇంకో బట్టీలో 900 డిగ్రీల దాకా కాల్చాలి. గాలికి బదులు ఆక్సిజన్‌తో మండిస్తే దాదాపు శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ చేతికొస్తుంది, సున్నం మళ్లీ పనికి సిద్ధమవుతుంది. ప్రతిసారీ కొత్త సున్నపురాయి కాల్చుకుంటూ పోతే మాత్రం లాభం లేదు, ఎందుకంటే రాయిని కాల్చినప్పుడూ ఈ వాయువే వస్తుంది. తిప్పి తిప్పి వాడిన కొద్దీ సున్నం సత్తువ తగ్గుతుంది. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిద ఉంటుంది, అది సున్నంలో కలిసిపోవడం ఇంకో తలనొప్పి. అయితే సత్తువ పోయిన సున్నం సిమెంటుకు పనికొస్తుంది. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు ఎంత దూరమని? దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కోసం బొగ్గు రవాణా ఏర్పాట్లూ ఉన్నాయి. ఒక చిన్న ప్రయోగ కేంద్రానికి ఇంతకన్నా తగిన చోటు నాకు కనబడదు.

పట్టుకున్న వాయువును ఎక్కడ పెట్టాలి? యూరియాలో కలుపుతాం కదా అని కొందరంటారు. నిజమే, టన్ను యూరియాకు ముప్పావు టన్ను దాకా కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. కానీ పొలంలో చల్లాక యూరియా కరిగి, ఆ వాయువు మళ్లీ గాలిలోకే పోతుంది. శాశ్వతంగా దాచాలంటే భూగర్భమే దిక్కు. ఐస్‌లాండ్‌లో దాన్ని నీటిలో కలిపి బసాల్ట్ రాతిలోకి, అంటే లావా చల్లారి గట్టిపడిన నల్లరాతిలోకి పంపిస్తే, రెండేళ్లలోపే 95 శాతానికి పైగా ఖనిజంగా మారింది. నల్లగొండ కింద ఉన్నది గ్రానైటు, దానికి ఆ గుణం లేదు. వికారాబాద్ వైపు నుంచి దక్కన్ బసాల్ట్ మొదలవుతుంది. అక్కడ లోతు, పగుళ్లు, భూగర్భ జలాలు అన్నీ పరీక్షించాకే ముందుకెళ్లాలి.

ఇక నీళ్లు. కిలో హైడ్రోజన్‌కు చర్యలోనే 9 కిలోల నీళ్లు ఖర్చవుతాయి, చల్లబరచడానికి పట్టేది వేరే. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులను మర్రిగూడ, మునుగోడు చూశాయి. ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు రావడానికి తరాలు పట్టింది. ఆ నీటిలో చుక్క కూడా ఫ్యాక్టరీకి మళ్లించకూడదు. హైదరాబాద్ మురుగు మూసీలో కలిసి మన జిల్లాకే వస్తోంది. బాయిలర్‌కు పోసే నీళ్లను ఎలాగూ శుద్ధి చేయాల్సిందే కనుక, ఆ మురుగునే శుద్ధి చేసి వాడాలి. అనుమతి కాగితంలో ఈ షరతు మొదటి పేజీలోనే ఉండాలి.